బహులోకవాది బ్రూనో

అఖిలాండకోటి బ్రహ్మాండ నాయకుడని భగవంతుని స్మరించుట మన దేశమున పసిపిల్లలకు సైతము పరిచితమైన మాట. లోకములు అనేకములనియు, వాని కన్నిటికిని ప్రభువు ఒక్కడేయనియు విన్నప్పుడు మనలో పెక్కుమందికి ఆశ్చర్యము కలుగవచ్చును గాని, మతమునకు హాని కలుగునను భయము కలుగదు. కావుననే, నక్షత్రము లన్నియు సూర్యులే యనియు, వాని చుట్టును మన భూమివంటి భూములు తిరుగుచున్నవనియు, ఆ భూములపై ప్రాణులు నివసించుచున్నవనియు బోధించిన యొక సన్న్యాసిని రోము నగరమున బహిరంగముగా సజీవదహనము చేసిరని చదివినప్పుడు, ఆ మాటలో అంత అపరాధ మేమున్నదో మనకు వెంటనే బోధపడదు.

ఆ సన్న్యాసి జోర్డానో బ్రూనో. భూమి సూర్యుని చుట్టు తిరుగునని చెప్పినందులకు మతాధికారులు ఆయనను కాల్చివేసిరని తరగతిగదులలో చెప్పుట పరిపాటి. ఆ వాక్యము పూర్తిగా అసత్యము కాదు; పూర్తిగా సత్యమును కాదు. బ్రూనో జీవితమును మొదటినుండి చూచిననే గాని, ఆయన వాదము రేపిన ప్రశ్న ఎంత లోతైనదో, దానికి ఐరోపా క్రైస్తవలోకము ఏల కలత చెందినదో తెలియదు.

బ్రూనో 1548వ సంవత్సరమున ఇటలీ దక్షిణభాగమున, నేపుల్సు నగరమునకు చేరువనున్న నోలా పట్టణమున జన్మించెను. తండ్రి జొవాన్ని సైనికుడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఫిలిప్పో. ఇంటికి దాపున చికాలా అను కొండ కలదు. అది పచ్చని తోటలతో కన్నులపండువుగా నుండెడిది. దూరమున వెసూవియస్ అగ్నిపర్వతము నల్లగా, బోడిగా కనబడుచుండెను. అచట చెట్టుచేమలు లేవని బాలుడు తలచెను. ఒకనాడు అచటికి పోయి చూడగా వెసూవియస్ వాలులు సస్యములతో నిండియుండెను. వెనుకకు తిరిగి చూచినచో తన చికాలా కొండయే మసకబారి బీడువలె కనబడెను. దూరము కన్నులను మోసగించునని ఈ యనుభవమున నేర్చికొంటినని బ్రూనో పెద్దవాడైన పిదప తన గ్రంథమున వ్రాసికొనెను. ఆకాశమును గూర్చి ఆయన చేసిన ఊహలకు బీజము ఇందే కలదు. ఇచటినుండి చూచువానికి నక్షత్రము చిన్న వెలుగుచుక్క. అచటినుండి చూచువాడు ఉన్నచో వానికి మన సూర్యుడును అట్టి చుక్కయే.

1565లో, పదునేడేండ్ల ప్రాయమున, బ్రూనో నేపుల్సులోని డొమినికన్ సన్న్యాసుల మఠమున చేరి జోర్డానో అను నామమును స్వీకరించెను. అది సామాన్యమైన మఠము కాదు. కతోలిక వేదాంతమునకు మూలస్తంభమైన తామస్ అక్వినాస్ పదుమూడవ శతాబ్దమున అచటనే నివసించి బోధించియుండెను. బ్రూనో తీక్ష్ణమైన బుద్ధియు, అసాధారణమైన జ్ఞాపకశక్తియు గలవాడు. 1572లో గురుపట్టమును పొందెను. కాని విధేయత ఆయన స్వభావమున లేదు. తన గదిలోని పునీతుల పటములను తీసివేసి సిలువను మాత్రమే ఉంచుకొనెను. నిషేధింపబడిన ఎరాస్మస్ వ్యాఖ్యలను రహస్యముగా చదివెను. త్రిత్వమును గూర్చి పదునెనిమిదవ యేటినుండియే తనకు సందేహము లుండెనని పిమ్మట న్యాయాధిపతుల యెదుట ఆయనయే ఒప్పుకొనెను. 1576లో తనపై విచారణ జరుగనున్నదని తెలిసి మఠమును విడిచి రోమునకును, అచటినుండి ఉత్తరదిశకును పారిపోయెను. అది మొదలు పదునైదేండ్లపాటు ఆయనకు నిలుకడయైన నివాసము లేకపోయెను.

ఆయన వెంట మనమును బయలుదేరుటకు ముందు, ఆనాటి పండితులు లోకములను గూర్చి ఏమి తలచుచుండిరో తెలిసికొనవలెను. అరిస్టాటిల్ సిద్ధాంతము ననుసరించి విశ్వము ఒక్కటే; అది పరిమితమైనది. నడుమ కదలని భూమి, చుట్టును గ్రహముల గోళములు, అన్నిటికిని వెలుపల నక్షత్రగోళము. అక్వినాస్ ఈ ఏకలోకవాదమును క్రైస్తవ వేదాంతముతో మేళవించెను. అయినను, లోకములు అనేకములు ఉండజాలవనుట దేవుని శక్తికి హద్దు గీయుటయే యని మఱికొందరికి తోచెను. 1277లో పారిస్ బిషప్పు ఎటియెన్ టెంపియే, దేవుడు అనేక లోకములను సృజింపజాలడను వాదమును నిషేధించెను. జర్మనీ దేశీయుడైన క్యూసా నికొలస్ 1440లో రచించిన గ్రంథమున, విశ్వమునకు కేంద్రమనునది లేదనియు, ఇతర నక్షత్రములయందును నివాసులుండవచ్చుననియు వ్రాసెను. ఆయనకు శిక్ష పడలేదు సరికదా, ఎనిమిదేండ్లకు కార్డినలు పదవి లభించెను.

కాని ఈ ఊహ వెంట ఒక చిక్కుప్రశ్న నీడవలె నడచుచుండెను. క్రైస్తవ విశ్వాసమున మానవులందరు ఆదాము సంతతి. ఆదాము చేసిన తప్పిదమే జన్మపాపమై అందరికిని సంక్రమించినది. దానినుండి మానవులను రక్షించుటకు దేవుని కుమారుడు మనుష్యుడై, ఒక దేశమున, ఒక కాలమున జన్మించి, ఒకే పర్యాయము సిలువపై మరణించెను. మఱియొక లోకమున మనవంటి బుద్ధిజీవులు ఉన్నచో వారు ఆదాము సంతతి కారు. వారికి పాపము కలదా? కలిగినచో వారిని రక్షించువా డెవ్వడు? క్రీస్తు అచటను పుట్టి, అచటను మరణింపవలెనా? అవతారములు పెక్కులని వినుచు పెరిగినవారికి ఇది చిక్కుగా తోచకపోవచ్చును. ఒక్క జన్మమే, ఒక్క మరణమే సమస్తమునకును చాలునను విశ్వాసమునకు మాత్రము ఇది మర్మస్థానమును తాకు ప్రశ్న.

ఈ ప్రశ్నను మొదట అడిగినవారు మతవిరోధులు కారు. పదునైదవ శతాబ్దమునకు చెందిన వోరిలాంగ్ విలియము అను ఫ్రాన్సిస్కన్ సన్న్యాసి దీనిని చర్చించి, క్రీస్తు ఈ భూమిపై పొందిన మరణమే అన్ని లోకములకును చాలునని సమాధానము చెప్పెను. ప్రొటెస్టెంటు పండితుడైన మెలాంక్థన్ 1549లో వెలువడిన తన గ్రంథమున ఇందుకు విరుద్ధమైన దారి పట్టెను: క్రీస్తు ఒకే పర్యాయము మరణించెను గావున ఇతర లోకములున్నవని తలపరాదని ఆయన తీర్పు. అప్పటికి బ్రూనో యేడాది బిడ్డ.

ఇక ఆయన సంచారమునకు వత్తము. 1579లో బ్రూనో కాల్విన్ మతస్థుల నగరమైన జెనీవా చేరెను. అచటి యాచార్యు డొకని ఉపన్యాసములోని తప్పులను పట్టి అచ్చువేయించి, చెఱసాల పాలయ్యెను. సంఘమునుండి వెలియు పడెను. తప్పు ఒప్పుకొని బయటపడి, ఫ్రాన్సులోని తులూజ్ నగరమున రెండేండ్లు తత్త్వశాస్త్రమును బోధించెను. 1581లో పారిస్ చేరగా, ఆయన ధారణాశక్తిని గూర్చి విన్న మూడవ హెన్రీ రాజు పిలిపించి, ఇది మంత్రబలమా, విద్యాబలమా యని విచారించెను. విద్యయేయని నిరూపించి, మరుసటి యేడు ధారణావిద్యపై ఒక గ్రంథమును రచించి రాజునకు అంకితము చేసెను. 1583లో రాజుగారి సిఫారసుతో ఇంగ్లండునకు పోయి, లండనులోని ఫ్రెంచి రాయబారి కాస్టెల్నో ఇంట అతిథిగా నుండెను. ఆక్స్‌ఫర్డున కోపర్నికస్ మతమును సమర్థించుచు ఉపన్యసింపగా అచటి పండితులు ఎగతాళి చేసిరి. ఆయనయు ఊరకుండలేదు, 1584లో ప్రకటించిన విభూతి బుధవారపు విందు అను సంవాదగ్రంథమున వారి పాండిత్యమును తూర్పారబట్టెను.

ఆ యేడే అనంత విశ్వమును, లోకములను గూర్చి మఱియొక సంవాదము వెలువడెను. దానిలోని సిద్ధాంతమే బ్రూనోకు శాశ్వతకీర్తిని తెచ్చినది. కోపర్నికస్ 1543లో సూర్యుని నడుమ నిలిపి భూమిని కదలించెనే గాని, అన్నిటికిని వెలుపల నున్న నక్షత్రగోళమును అట్లే యుంచెను. బ్రూనో ఆ గోళమును పగులగొట్టెను. విశ్వమునకు గోడలు లేవు, కేంద్రము లేదు, సూర్యులు అనంతములు, భూములు అనంతములు. ఆ భూములు మన భూమికంటె హీనములని తలచుటకు కారణము లేదు. కావున అచటను జీవులుందురు. ఇది ఆయన బోధ. దూరదర్శిని అప్పటికి లేదు. గెలీలియో దానిని ఆకాశమునకు ఎక్కుపెట్టినది 1609లో. కావున బ్రూనో చూపినది ప్రత్యక్షప్రమాణము కాదు. అది దైవస్వరూపమునుండి తీసిన తర్కము. కారణము అనంతమైనప్పుడు కార్యము పరిమితమగుట యెట్లు? అపారమైన శక్తియు, అపారమైన మంచితనమును గల దేవుడు ఒక్క చిన్న లోకమును సృజించి చేతులు ముడుచుకొని కూర్చుండునా? లోకములు అనేకములనుట దేవుని తక్కువచేయుట కాదనియు, దేవుని మహిమకు తగినది అదియొక్కటే యనియు ఆయన నమ్మకము.

ఇచటనే క్యూసా నికొలస్‌కును బ్రూనోకును దారులు చీలినవి. నికొలస్ విశ్వమును విశాలము చేసెను గాని, క్రీస్తును తన గ్రంథమునకు శిఖరముగా నిలిపెను. బ్రూనో తర్కము ఆ శిఖరమును కదలించెను. విశ్వమున ఏ చోటును కేంద్రము కానప్పుడు, ఏ యొక్క దేశమున, ఏ యొక్క దినమున జరిగిన సంఘటనయు సమస్తసృష్టికిని కేంద్రము కాజాలదు. అంతేకాక, ఆయన మతమున దేవుడు లోకములకు వెలుపల నున్న శిల్పి కాడు. ప్రతి యణువునందును వెలుగుచున్న ప్రాణశక్తి. అట్టి విశ్వమున ఒక్క మనుష్యునియందే దేవుడు అవతరించెననుటకు తావు మిగులదు. చిక్కుప్రశ్నకు వోరిలాంగ్ విలియము ఒక సమాధానము చెప్పెను, మెలాంక్థన్ ఒక సమాధానము చెప్పెను. బ్రూనో ఆ ప్రశ్న నిలిచియున్న నేలనే త్రవ్వివేసెను.

1585లో ఫ్రాన్సునకు మఱలి, అచటను వివాదములపాలై, బ్రూనో జర్మనీ చేరెను. లూథర్ నగరమైన విట్టెన్‌బర్గు విద్యాపీఠమున రెండేండ్లు శాంతముగా బోధించెను. 1588లో ప్రాగునకు పోగా రుడాల్ఫ్ చక్రవర్తి మూడువందల నాణెములు బహూకరించెనే గాని కొలువు నీయలేదు. హెల్మ్‌స్టెట్టున లూథరు మతాచార్యుడు ఆయనను వెలివేసెను. ఇట్లు కతోలికులు, కాల్విన్ మతస్థులు, లూథరు మతస్థులు ముగ్గురును త్రోసిపుచ్చిన అపూర్వపురుషుడు బ్రూనో. 1591లో ఫ్రాంక్‌ఫర్టున విశ్వస్వరూపమును గూర్చిన లాటిన్ కావ్యములను ముద్రించెను. చికాలా కొండ వృత్తాంతము వానిలో నొకదానిలోనిదే.

అచట నుండగా వెనీసు ప్రభువంశీయుడైన జొవాన్ని మొచెనిగో నుండి పిలుపు వచ్చెను. ధారణావిద్యను నేర్పవలెనని అతని కోరిక. స్వదేశముపై మమకారమో, వెనీసు రాజ్యపు స్వేచ్ఛపై నమ్మకమో, బ్రూనో ఆ పిలుపు నందుకొని 1591లో ఇటలీకి తిరిగి వచ్చెను. శిష్యుడు ఆశించిన విద్య అబ్బలేదు. గురువుపై అనుమానము మాత్రము పెరిగెను. 1592 మే నెలలో బ్రూనో ఫ్రాంక్‌ఫర్టునకు పోదలచి సెలవు కోరగా, మొచెనిగో ఆయనను ఇంటిలో బంధించి, ఇంక్విజిషన్ అను మతవిచారణ న్యాయస్థానమునకు అప్పగించెను. అతడు వ్రాసియిచ్చిన ఫిర్యాదులో, బ్రూనో క్రీస్తును నిందించెననియు, దివ్యసత్ప్రసాదమును తిరస్కరించెననియు, లోకములు అనంతములని చెప్పెననియు నేరములు కలవు.

వెనీసు న్యాయాధిపతుల యెదుట బ్రూనో బహులోకవాదమును దాచలేదు. తత్త్వవేత్తగా తాను దానిని నమ్ముచున్నట్లును, దేవుని అనంతశక్తికి అది తగియున్నట్లును చెప్పెను. మతవిషయములలో తప్పులు జరిగియున్నచో క్షమింపుడని జూలై మాసాంతమున మోకరిల్లి వేడుకొనెను. అంతతో విడుదల కావచ్చునని ఆశించెను కాబోలు. కాని రోము అధికారులు తమకు అప్పగింపవలెనని పట్టుబట్టగా, వెనీసు ప్రభుత్వము 1593 ఫిబ్రవరిలో ఆయనను పంపివేసెను.

రోము చెఱసాలలో ఏడేండ్లు గడచెను. ఆ విచారణ పత్రములలో ముఖ్యమైనవి నశించినవి. 1940లో వాటికన్ గ్రంథభాండాగారమున దొరకి 1942లో ప్రకటింపబడిన సంగ్రహము వలన ఆరోపణలు మనకు తెలియుచున్నవి. త్రిత్వము, క్రీస్తు దైవత్వము, దివ్యసత్ప్రసాదము, మరియమ్మ కన్యాత్వము, ఆత్మ దేహమునుండి దేహమునకు పోవుననుట, లోకము అనాదియనుట - వీనితోపాటు లోకములు అనేకములనుట కూడ అందున్నది. ఇంకొక విషయము గమనింపదగినది. కోపర్నికస్ గ్రంథముపై రోము ఆంక్ష విధించినది 1616లో. బ్రూనో మరణించిన పదునారేండ్లకు. కావున భూభ్రమణ మొక్కటియే ఆయన మరణమునకు కారణమనుట చరిత్రకు సరిపడదు. బహులోకవాదమునకు ఆయన మరణముతో సంబంధమే లేదనుటయు సరిపడదు.

1599 జనవరిలో కార్డినలు బెల్లర్మీను ఎనిమిది వాక్యములను ఎత్తిచూపి, వానిని విడనాడవలసినదని బ్రూనోను కోరెను. ఆయన కొంతకాలము ఊగిసలాడెను. ఒకసారి సిద్ధమనెను, మఱియొకసారి పోపుగారు స్వయముగా నిర్ణయింపవలెననెను. ఎట్టకేలకు డిసెంబరు 21వ తేదీన తాను విడనాడవలసినది ఏదియు లేదని తేల్చిచెప్పెను. మోకరిల్లినవాడు లేచి నిలిచెను. 1600 ఫిబ్రవరి 8వ తేదీన శిక్ష చదివి వినిపించిరి. దానిని వినుచున్న తనకంటె చదువుచున్న మీకే భయ మెక్కువగా నున్నదేమో యని ఆయన బదులు పలికినట్లు, అచటనున్న జర్మను పండితుడు షొప్పె తన లేఖలో తెలిపెను. ఫిబ్రవరి 17వ తేదీ ప్రాతఃకాలమున కాంపో దె ఫియోరి అను సంతబయలునకు కొనిపోయి, మాటలాడకుండ నాలుకను బంధించి, దహించిరి. అది రోమున జూబిలీ సంవత్సరము. యాత్రికులు పాపక్షమాపణమునకై దూరదేశములనుండి వచ్చుచున్న కాలము.

నాలుకను కట్టిరి గాని ప్రశ్న ఆగలేదు. బ్రూనోవలె దక్షిణ ఇటలీలో పుట్టి, డొమినికన్ సన్న్యాసియై, నేపుల్సు చెఱలో ఇరువదేండ్లకు పైగా మ్రగ్గిన కాంపనెల్లా ఆ చెఱనుండియే గెలీలియోను సమర్థించుచు ఒక గ్రంథము వ్రాసెను. అది 1622లో అచ్చయ్యెను. ఇతర నక్షత్రములలో మనుష్యులుండినచో వారు ఆదాము సంతతి కారు గావున ఆ పాపము వారికి అంటదనియు, కావున వారికి ఆ రక్షణ అవసరము కాకపోవచ్చుననియు అందు వాదించెను. బ్రూనోను కాల్చిన మతమునందే నిలిచి, ఆ మతపు తర్కముతోనే చిక్కు విప్పజూచిన యత్న మది.

1995లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు మిషెల్ మేయర్, దిదియే కెలో అనువారు సూర్యునివంటి మఱియొక నక్షత్రము చుట్టు తిరుగుచున్న గ్రహమును మొట్టమొదట కనుగొనిరి. 2022 నాటికి అట్టి గ్రహముల లెక్క ఐదువేలు దాటెను. నక్షత్రములు సూర్యులనియు, వానికి గ్రహములు కలవనియు బ్రూనో ఊహించినది ఇప్పుడు ఊహ కాదు. వానిపై ప్రాణులున్నవనుటకు మాత్రము నేటికిని నిదర్శనము దొరకలేదు. 2008లో వాటికన్ ఖగోళశాల అధిపతియైన జెసూట్ గురువు హోసె గాబ్రియేల్ ఫూనెస్, ఇతర లోకములలో జీవులుండుట విశ్వాసమునకు విరుద్ధము కాదని పత్రికాముఖమున ప్రకటించెను. సువార్తలోని తప్పిపోయిన గొఱ్ఱె ఉపమానమును స్మరించి, ఆ తప్పిపోయినది మన భూలోకవాసులమే కావచ్చుననియు, ఇతరులు పాపము చేయకయే యుండవచ్చుననియు వివరించెను. కాంపనెల్లా చెఱలో వ్రాసిన దారియే అది. 2009 నవంబరులో వాటికన్‌లోని విజ్ఞానపరిషత్తు ఇతర లోకములయందలి ప్రాణమును గూర్చి శాస్త్రజ్ఞులను పిలిపించి సభ జరిపెను. 2000లో, బ్రూనో మరణించి నాలుగువందల యేండ్లు నిండిన సందర్భమున, వాటికన్ కార్యదర్శి కార్డినలు సొదానో ఆ క్రూరమరణమునకు విచారమును తెలిపెను. ఆయన సిద్ధాంతములు క్రైస్తవబోధతో పొసగవని కూడ చెప్పెను. ఆ రెండవ మాటను తప్పుపట్ట నక్కరలేదు. పొసగకపోవుట ఒకటి; కాల్చుట వేఱొకటి.

ఉపాధ్యాయులు బ్రూనోను గూర్చి పిల్లలకు చెప్పునప్పుడు ఈ భేదమును విస్మరింపరాదు. ఆయన విజ్ఞానశాస్త్రమునకై మరణించిన పరిశోధకుడని చెప్పినచో, ఆయన చేయని పరిశోధనలను ఆయనకు అంటగట్టినవారమగుదుము. ఆయన కేవలము మతద్రోహి యని చెప్పినచో, నాడు శిక్షించినవారి పక్షమున సంతకము చేసినవారమగుదుము. ఆయన ఆకాశమును చూచి దేవుని కొలతను పెంచదలచినవాడు. ఆ కొలతలో తమ విశ్వాసమునకు చోటు లేదని భయపడినవారు ఆయనకు బదులు చెప్పుటకు మాఱుగా నిప్పు పెట్టిరి. అదే ప్రశ్నకు బదులు చెప్పు పనిని పిమ్మట వారి వారసులే మఱల మొదలుపెట్టవలసి వచ్చెను.

కాంపో దె ఫియోరి యనగా పూలబయలు. అచట 1889 జూన్ 9వ తేదీన, పోపుగారి యిష్టమునకు వ్యతిరేకముగా, శిల్పి ఎత్తోరె ఫెరారి మలచిన బ్రూనో విగ్రహమును నిలిపిరి. సన్న్యాసి ముసుగుతో, చేతిలో గ్రంథముతో, తలవంచి నిలిచియున్న ఆ మూర్తి చుట్టును పగటివేళ కూరగాయలు, పండ్లు, పూలు అమ్ముదురు. చీకటి పడి సంత ముగిసిన పిమ్మట ఆ బయలుపై నక్షత్రములు కనబడును.